ఎండలు ముదిరేలోపు కోళ్ల గూడు చూసుకోండి

అందరికీ నమస్కారం. ఎడారిలో పెరటి కోళ్లు పెంచుతున్న మనందరికీ గడ్డుకాలం వస్తోంది, అందుకే ఈ సందేశం.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. బయట 32 దాటితే నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలను ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకుంటుంది. 38 దాటితే బరువైన జాతుల ప్రాణం మీదికే వస్తుంది. కొత్తగా కొనేవారు లెగ్‌హార్న్ లాంటి తేలికపాటి జాతిని చూడండి. వాటి పెద్ద ఎర్రజుట్టు ద్వారా కూడా వేడి బయటికి పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. ఎండలో ఉన్న తొట్టెలో నీళ్లు మధ్యాహ్నానికే కాగిపోతాయి, అవి వేడెక్కితే కోళ్లు సరిగా తాగవు. నీడలో రెండు మూడు చోట్ల పెట్టండి. ఒక్కటే ఉంటే బలమైన కోళ్లు మిగతావాటిని దగ్గరికి రానివ్వవు. మట్టిపాత్రలైతే పొడిగాలికి నీళ్లు చల్లగా ఉంటాయి. మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయండి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో ఇంకా వేడి పుడుతుంది.

నాలుగు వైపులా మూసిన రేకుల గూడు మాత్రం దయచేసి వద్దు, అది పొయ్యిలా మారుతుంది. గాలి ఆడేలా గట్టి ఇనుప జాలీ బిగించి, అడుగు లోతున నేలలో పాతండి. నక్కలు తవ్వి లోపలికి వస్తాయి, పలచటి వలను కొరికేస్తాయి.

కోడి తూలుతూ కనిపిస్తే వెంటనే నీడలోకి తెచ్చి, కాళ్లు మునిగేలా చల్లటి నీటిలో నిలబెట్టండి. ఐసు నీళ్లు వాడకండి. తేరుకోకపోతే ఆలస్యం చేయక పశువైద్యుడికి చూపించండి.