‘తొలి భారతీయురాలు’ అన్న వార్త తర్వాత...

సంపాదకులకు నమస్కారం.

మన మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి ఎవరైనా విదేశీ క్లబ్బుతో ఒప్పందం కుదుర్చుకుంటే ఆ వార్తను పత్రికలు ఫొటోతో సహా ప్రచురిస్తున్నాయి. సంతోషమే. కానీ ఆ తర్వాత ఆమె ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎన్నింట బెంచీకే పరిమితమయ్యారు, గాయమేమైనా అయిందా, ఎప్పుడు తిరిగివచ్చారు అన్న సంగతులు క్రీడా పేజీల్లో వెతికినా దొరకడం లేదు.

మణిపూర్‌కు చెందిన బాలాదేవి సంగతే చూడండి. 2020 జనవరిలో స్కాట్లండ్‌లోని రేంజర్స్ క్లబ్బుతో 18 నెలల ఒప్పందం చేసుకున్నప్పుడు, ఐరోపాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడబోతున్న తొలి భారతీయ మహిళగా ఆమె పేరు మారుమోగింది. ఆమె అక్కడికి చేరిన కొద్ది వారాలకే కరోనా వల్ల లీగ్ ఆగిపోయింది. మదర్‌వెల్ జట్టుపై 9-0 తేడాతో గెలిచిన మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి తొలి గోల్ చేసేసరికి డిసెంబరు వచ్చింది. ముప్పై ఏళ్ల ఫార్వర్డ్‌కు ఆట లేని నెలలంటే ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత మోకాలి గాయం ఆమెను స్వదేశానికి చేర్చింది. ఒప్పందానికి దక్కిన చోటులో పదో వంతైనా ఆ గాయానికి, దాని నుంచి కోలుకుని ఆమె మళ్లీ జాతీయ జట్టులో ఆడటానికి దక్కిందా?

పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లా నుంచి వచ్చిన మనీషా కల్యాణ్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 2021 నవంబరులో బ్రెజిల్ చేతిలో మనం 6-1తో ఓడిన మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ ఆమెదే. మరుసటి ఏడాది ఆమె గోకులం కేరళ క్లబ్బును వదిలి సైప్రస్‌లోని అపోలోన్ లేడీస్‌లో చేరారు. 2022 ఆగస్టు నడుమ ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేయడంతో మన క్లబ్బులకు అంతర్జాతీయ పోటీలు ఆడే వీలు లేకపోయింది. అప్పటికే ఆసియా క్లబ్ టోర్నమెంటు కోసం తాష్కెంట్ చేరుకున్న గోకులం అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా వెనుదిరిగారు. సరిగ్గా ఆ వారంలోనే, ఆగస్టు 18న, లాత్వియాకు చెందిన రీగా జట్టుపై మనీషా సబ్‌స్టిట్యూట్‌గా బరిలోకి దిగి, ఐరోపా క్లబ్బుల పోటీ అయిన యూఈఎఫ్‌ఏ మహిళల చాంపియన్స్ లీగ్ ఆడిన తొలి భారతీయురాలయ్యారు. కొద్ది నెలల ముందు వరకు తనతో కలిసి ఆడినవారికి దక్కని మైదానం ఆమెకు దక్కడానికి కారణం ఆమె క్లబ్బు మరో దేశానిది కావడమే. పత్రికలు ‘తొలి’ అన్న మాట దగ్గర ఆగిపోయాయి కానీ, నా దృష్టిలో అసలు వార్త ఇదే.

విదేశానికి వెళ్లడం వల్ల కలిగే అసలైన లాభం ఆడే మ్యాచ్‌ల సంఖ్యలో ఉంది. మన దేశంలో మహిళల అగ్రశ్రేణి పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్‌లో 2024-25లో 8 జట్లే తలపడ్డాయి, ఒక్కో జట్టు ఆడింది 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలైన పోటీ ఏప్రిల్‌లోనే ముగిసింది. మిగిలిన నెలల్లో జాతీయ శిబిరం పిలుపు రానివారు ఏం చేయాలి? అయితే విదేశీ క్లబ్బులో చేరినవారికి మరో చిక్కు ఉంది. ఫిఫా నిర్ణయించిన అంతర్జాతీయ తేదీల్లో తప్ప క్లబ్బు వారిని విడిచిపెట్టాల్సిన పని లేదు కనుక, మన సమాఖ్య వారాల తరబడి నడిపే శిబిరాలకు వారు దూరమవుతారు. శిబిరానికి రాలేదని విమర్శించే ముందు ఈ నిబంధనను పాఠకులకు వివరించడం పత్రికల బాధ్యత.

తెలుగువారికి ఇందులో సొంత లెక్క ఒకటి ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరారు. ఆమె జాగ్రెబ్ వెళ్లిన దారి హైదరాబాద్ మీదుగా కాదు, గోకులం కేరళ మీదుగా. తిరిగివచ్చాక ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి 2024-25 లీగ్ విజేతగా నిలిచారు. ఆ ఏడాది సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. పైన చెప్పిన 8 జట్లలో తెలంగాణ నుంచి గానీ ఆంధ్రప్రదేశ్ నుంచి గానీ ఒక్కటీ లేదు. ఆమెను సన్మానించే వేదికలపై ఈ విషయం ఎవరూ ఎత్తరు.

కాబట్టి నా విన్నపం చిన్నదే. పురుషుల ఐరోపా లీగుల ఫలితాలకు మీరు రోజూ కేటాయించే స్థలంలోంచి వారానికి నాలుగు పంక్తులు తీసి, విదేశాల్లో ఆడుతున్న మన అమ్మాయిల వివరాలు ఇవ్వండి: ఏ జట్టు తరఫున, ఎవరిపై, ఎన్ని నిమిషాలు ఆడారో, ఆడకపోతే ఎందుకో. గోల్ చేయని వారం కూడా ఆ పంక్తులు తప్పకూడదు.

— ఒక పాఠకురాలు, నిజామాబాద్