రామాలయం ధ్వజస్తంభ పునఃప్రతిష్ఠ: జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, చందాదారులకు, ఊరు విడిచి వెళ్లినా స్వామిని మరవని ఆడపడుచులకు, అల్లుళ్లకు కమిటీ నమస్కారాలు.

ప్రతిష్ఠ జరిగి నెల దాటింది, లెక్క ఏదీ అని అడుగుతున్నారు. డబ్బు ఇచ్చినవారు అడగాల్సిందే. టెంటు బిల్లు పోయిన వారం దాకా చేతికి రాలేదు, అది లేకుండా సగం లెక్క చెప్పడం ఇష్టం లేక ఆగాం.

జమ:
చందాలు, రసీదు 1 నుంచి 214 వరకు: రూ. 4,12,300
ప్రతిష్ఠ మూడు రోజుల హుండీ: రూ. 31,480
పాత ఇత్తడి తొడుగు, 41 కిలోలు, కిలో 450 చొప్పున: రూ. 18,450
బ్యాంకు వడ్డీ: రూ. 9,760
మొత్తం: రూ. 4,71,990

పాత తొడుగు గురించి ఒక మాట. దాన్ని పదిమంది ఎదుటే తూకం వేశాం. కళాకర్షణ చేసి స్వామి కళను కుంభంలోకి తీసుకున్నాకే విప్పాం. పాత కర్రలో ఒక్క ముక్క కూడా ఎవరింటికీ పోలేదు, శాస్త్రప్రకారం అగ్నికి ఇచ్చాం. కొత్త స్తంభం గుంటలో మీరు వేసిన నాణేలు, బంగారం, వెండి మాత్రం ఈ జమలో కనిపించవు. అవి యంత్రం, నవరత్నాలు, పంచలోహాలతో పాటు పీఠం కిందే ఉన్నాయి. వాటిని ఎవరూ పైకి తీయలేదు, తీయకూడదు కూడా.

ఖర్చు:
టేకు దుంగ: రూ. 90,000
రవాణా, పర్మిట్, ఎత్తుడు దింపుడు, కాటా: రూ. 21,500
వడ్రంగం: రూ. 28,000

ఎక్కువ మాటలు వచ్చింది ఈ మూడింటి మీదే. దుంగ పొడవు 36 అడుగులు, నడుమ చుట్టుకొలత 40 అంగుళాలు. "గుండ్రంగా లెక్కేస్తే 32 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) రావాలి, బిల్లులో 25 ఉందేమిటి" అని అడిగారు. అడితిలో దుంగను కొలిచే పద్ధతి వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. 40లో నాలుగో వంతు 10 అంగుళాలు, ఆ లెక్కన 25 సీఎఫ్‌టీ. మిగతా భాగం బెరడుకు, చెక్కుడు తరుగుకు వదిలేస్తారు. సీఎఫ్‌టీ 3,600 చొప్పున 90,000. నారేప కర్ర తేవాలని కొందరు పెద్దలు పట్టుబట్టారు. అది మంచి కర్రే, కాని వంపు లేకుండా 36 అడుగుల మాను మూడు చోట్ల వెతికినా దొరకలేదు.

ఇక పది నెలల ఆలస్యం. వైశాఖంలో దుంగ కొని ఫాల్గుణంలో నిలిపాం. ఈ మధ్యలో డబ్బు ఎవరి చేతిలో తిరిగిందని అన్నారు. డబ్బు బ్యాంకులోనే ఉంది, పైన రాసిన వడ్డీ దానిదే. ఆషాఢానికి ముందు ఒక ముహూర్తం ఉండేది, కాని అప్పటికి కర్ర పచ్చిగా ఉంది. పచ్చి కర్రకు రాగి తొడిగితే లోపలి నీరు బయటికి పోయే దారి ఉండదు, కర్ర లోపలే మురుగుతుంది. తర్వాత ఎండిన కొద్దీ కర్ర సన్నబడుతుంది, తొడుగు వదులై గాలికి చప్పుడు చేస్తుంది, మేకుల రంధ్రాలు పెద్దవవుతాయి, వాటిలోంచి వాన దిగుతుంది. పాత స్తంభం పాడైంది ఇలాగే. పైనుంచి దిగిన నీరు తొడుగులో నిలిచింది. అడుగున పీఠం చుట్టూ పోసిన సిమెంటు ఆ నీటిని పోనివ్వలేదు. నేలమట్టం దగ్గర కర్రను వేలితో గిల్లితే పొడిగా రాలింది.

అందుకే బెరడు, చేవ లేని పై తెల్లభాగం తీయించి, రెండు కొసలకు మైనం పట్టించాం. కొసలు ముందు ఎండితే నిలువునా పగుళ్లు వస్తాయి. నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మల మీద, నీడలో పెట్టి, పదిహేను రోజులకోసారి దొర్లించాం. చెక్కిన రోజున కాటాలో 660 కిలోలు తూగింది. నెల తేడాతో వేసిన చివరి రెండు తూకాల్లోనూ 490 వచ్చింది. బరువు తగ్గడం ఆగితే కర్ర ఎండినట్టు. అప్పటికి దక్షిణాయనం నడుస్తోంది, సంక్రాంతి దాటేదాకా ప్రతిష్ఠకు వీల్లేదు. శబరిమలలో 2017లో నిలిపిన స్తంభానికి కూడా టేకు మానును ముందుగా నూనెలో నానబెట్టి సిద్ధం చేశారు. కర్ర పని తొందరపడితే అయ్యేది కాదు.

రాగి రేకు, 22 గేజి, 62 కిలోలు, కిలో 940: రూ. 58,280
తొడుగు కూలి: రూ. 45,000
మేకుల మార్పు: రూ. 7,200

స్తంభం పైకి 30 అడుగులు, సగటు చుట్టుకొలత 3 అడుగులు, అంటే 90 చదరపు అడుగులు. దానికి 52 కిలోలు పట్టింది. అతుకుల మడతలకు 5, అడుగు పట్టీకి 4, మిగిలిన కిలో ముక్కలు గుడి బీరువాలో ఉన్నాయి. పనివారు రాగిరంగు పూసిన ఇనుప మేకులు కొట్టడం మొదలుపెట్టారు. అయస్కాంతం పెడితే అంటుకున్నాయి. రాగిని ఆనుకున్న ఇనుము తడి తగిలితే త్వరగా తుప్పుపడుతుంది, నాలుగు వానలకు మేకు తల ఊడిపోతుంది. అన్నీ పీకించి ఇత్తడి మేకులు వేయించాం. ఒప్పందంలో మేకుల మాట రాయకపోవడం మా పొరపాటు, అందుకే ఆ ఖర్చులో సగం మనం భరించాం. పైన రాసింది ఆ సగమే.

పై మూడు పలకలు, చిరుగంటలు: రూ. 16,400
గుంట, రాతి పీఠం: రూ. 54,000. ఈసారి గుంటలో సిమెంటు పోయలేదు. కంకర, ఏటి ఇసుక వేసి నీరు ఇంకే దారి ఉంచాం.
క్రేను: రూ. 14,000. మోకులతో లాగుతామన్న కుర్రాళ్ల ఉత్సాహం గొప్పదే. కాని రాగితో కలిపి అర టన్ను దాటిన బరువును జనం మధ్య అలా లేపే ధైర్యం మాకు లేదు.
యాగశాల, హోమద్రవ్యాలు: రూ. 38,650
ఆచార్యులకు, ఋత్విక్కులకు సంభావన: రూ. 61,116
అన్నదానం: రూ. 72,840
టెంటు, మైకు, దీపాలు: రూ. 19,500
కరపత్రాలు: రూ. 3,200
మొత్తం: రూ. 5,29,686

ప్రతిష్ఠకు ముందు నీళ్లలో ఉంచే జలాధివాసంలో కర్రను నీళ్లలో పెట్టలేదేమని అడిగినవారికి: పది నెలలు ఎండబెట్టిన కర్రను మళ్లీ తడపకూడదని ఆచార్యులతో చెప్పుకుంటే, వారు కర్ర నీడ మాత్రమే నీటిలో పడేలా ఛాయాధివాసం చేయించారు. స్తంభాన్ని ధాన్యంలో ఉంచే ధాన్యాధివాసానికి రైతులు ఉచితంగా ఇచ్చిన ఐదు బస్తాల వడ్లు మరపట్టించి మూడో రోజు అన్నదానంలో వండించాం. అన్నదానం పద్దు తక్కువగా కనిపించడానికి కారణం ఆ రైతులే, వారికి దండాలు.

లోటు రూ. 57,696. ఇందులో టెంటువారికి 19,500, సరుకుల కొట్టుకు 38,196 బాకీ ఉన్నాం. సభలో మైకు ముందు చెప్పి ఇంకా ఇవ్వని చందాలు 19 మందివి, రూ. 64,500. పేర్లు ఇక్కడ రాయడం లేదు. పంటల ఇబ్బంది ఉన్నవారిని తొందరపెట్టం. కాని ఆ మాటలు నమ్మే కొట్టులో సరుకు అరువు తెచ్చాం, ఆయన రోజూ ఎదురుపడుతున్నారు. అవన్నీ వస్తే బాకీలు తీరగా రూ. 6,804 మిగులుతుంది. దానితో ఏటా వానలకు ముందు పలకల అతుకులకు మైనం పట్టించి, రాగి తోమిస్తాం.

బిల్లులు, కాటా చీటీలు, బ్యాంకు పుస్తకం వచ్చే ఏకాదశి దాకా ఉదయం పూజ వేళ మండపంలో ఉంటాయి. చందా ఇచ్చేవారు అక్కడే ఇచ్చి, 215వ నంబరు నుంచి రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి.