మీ మేనత్త దువ్వెన

మర్రిగూడ,
నల్లగొండ జిల్లా

బిడ్డా,

ఎం.టెక్‌లో వికలాంగులకు పనికొచ్చే ప్రాజెక్టు ఏం తీసుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో నువ్వు క్లాసుందంటావు, నాకేమో మాట తొందరగా తెగదు. అందుకే రాస్తున్నా.

ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక పరికరం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 రిపోర్టులో ఉందన్నావు. కళ్లద్దాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయన్నావు. అంత లెక్క నా బుర్రకెక్కదు. నాకు తెలిసింది మీ మేనత్త ఒక్కతే.

బోరు నీళ్లే ఆమెను అట్లా చేశాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటే తాగొద్దని మాకు తెలిసేసరికి వెన్ను బిగుసుకుపోయింది. మెడ తిరిగేది కాదు, మోకాళ్లు సగమే వంగేవి, చేతులు భుజం దాటి లేచేవి కావు. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. బిగిసిన కీళ్లు మాత్రం నీళ్లు మారితే వదలవు కదా.

ఒక క్యాంపులో ఆమెకు వీల్‌చైర్ ఇచ్చారు. తెస్తే దర్వాజ దగ్గరే ఆగింది. బండి 26 అంగుళాలు, దర్వాజ 24. ఆ దర్వాజ చేసింది నేనే, తప్పు నాదేననుకున్నా. మడిచి లోపలికి తెచ్చి కూర్చోబెడితే జారిపోతోంది. సీటూ వీపూ మూలమట్టం పెట్టి చేసినట్టుంటే, నడుము వంగని మనిషి అందులో ఎట్లా ఆగుతుంది? మంచం చేయాలన్నా మేం కొలత అడుగుతాం! సీటు మీద ఏటవాలు చెక్క బిగించి, వీపు వెనక్కి వాల్చాను. నాలుగు రోజులు కూర్చుంది. తర్వాత దాని మీద మీ అమ్మ మిరపకాయలు ఎండబోసింది.

ఒకనాడు అక్కే అడిగింది, “తమ్మీ, నేను ఊరు తిరిగి ఏం చేయాలిరా? నా తల నేను దువ్వుకునేటట్టు ఏదన్నా చెయ్యి” అని. మీ అమ్మ పొలం నుంచి వచ్చేదాకా ఆమె రోజూ చిక్కు జుట్టుతో కూర్చునేదని నాకు అప్పుడే తట్టింది. చేయి ఎంతవరకు లేస్తుందో గోడ మీద సుద్దతో గీయించాను. టేకుతో చేసింది బరువైంది. రెండోది మరీ పొడుగు. మూడోసారి వెదురును సెగ మీద వంచి, కొసకు దువ్వెన కట్టాను. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి పిడికి గుడ్డ చుట్టాను. పోయేదాకా దాన్నే వాడింది.

మద్రాసు ఐఐటీ వాళ్లు 2019లో తెచ్చిన ‘అరైజ్’ వీడియో చూశాను. వీల్‌చైర్‌లో మనిషి తనంతట తానే లేచి నిలబడుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ మోకాలు వంగనివాళ్లు దాంట్లో ఎట్లా కూర్చుంటారో మీ సార్లను అడుగు.

యాప్ చేస్తానంటున్నావు, కాదనను. దసరాకు వచ్చినప్పుడు శివన్నగూడెం, బట్లపల్లి పోయి మీ మేనత్తలాంటి వాళ్లున్న నాలుగిళ్లలో కూర్చుందాం. ఫోన్ మాత్రం బయటికి తీయకు, వాళ్లనే చెప్పనీ. టేపు నేను తెస్తా.

దువ్వెన పార్శిల్‌లో పెట్టాను. రెండు పళ్లు విరిగాయి, అట్లనే ఉండనీ. పక్కన డబ్బాలో సకినాలున్నాయి, రూమ్‌లో అందరికీ పెట్టు.

మీ నాయిన