మరుగుజ్జు జన్యువులున్న గుర్రాల జతను దోషం లేని జతగా అమ్మినందుకు ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

గుర్రపు పిల్లలను పుట్టించి పెంచే ఉద్దేశంతో మీ సంస్థ దగ్గర ఒక మినియేచర్ గుర్రాల, అంటే పొట్టి రకం గుర్రాల, జతను కొన్నాను. రెండింటికీ మీ ముద్ర వేసిన ఆరోగ్య పత్రాలు ఇచ్చారు. వాటిలో ‘వంశపారంపర్య దోషాలు లేవు’ అని స్పష్టంగా రాసి ఉంది. ఆ జతకు పుట్టిన మొదటి పిల్ల మరుగుజ్జు. తల్లిలోనూ తండ్రిలోనూ మరుగుజ్జుతనానికి కారణమయ్యే జన్యువు ఉందని ప్రయోగశాల నివేదిక చెబుతోంది. దాని ప్రతిని ఈ లేఖతో జతచేస్తున్నాను. అయితే ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ నివేదిక కాదు, దానికి మీ ప్రతినిధి పంపిన జవాబు. ఆ సంగతికి వస్తాను. ముందు పిల్ల ఎలా ఉందో మీకు తెలియాలి, ఎందుకంటే మీ వాళ్ళెవరూ ఇంతవరకు వచ్చి చూడలేదు.

దాని నుదురు గుండ్రంగా ఉబ్బి ఉంది. కళ్ళ కింద ముక్కు దూలం లోపలికి నొక్కుకుపోయింది, ముక్కుపుటాలు ఉండవలసిన చోటు కంటే పైన ఉన్నాయి. పడుకున్నప్పుడు లాయం అవతలి నుంచి కూడా ఊపిరి చప్పుడు వినిపిస్తుంది. కింది దవడ పై దవడను దాటి ముందుకు పొడుచుకొచ్చింది. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు చనుమొన పట్టు చిక్కదు. రెండు గుక్కలు లోపలికి వెళితే మూడో గుక్క గడ్డం మీదుగా కారిపోతుంది. అందుకే పాలు పిండి సీసాతో పట్టవలసి వస్తోంది. ముందరి కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంకర తిరిగాయి. వెనక కాళ్ళ కీళ్ళు నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకుని అక్కడ వెంట్రుకలు ఊడిపోయాయి. ఈడు పిల్లలకు ఉండే హుషారు దీనికీ ఉంది. తోక ఎత్తి పరుగు అందుకోబోతుంది, నాలుగు అంగలు వేయగానే కాళ్ళు మొరాయిస్తాయి. కీళ్ళు త్వరగా అరిగిపోతాయని, పళ్ళు ఒకదానికొకటి ఆనవు కాబట్టి జీవితాంతం వాటిని అరగదీస్తూ ఉండాలని పశువైద్యుడు చెప్పారు.

ఇక మీ జవాబుల సంగతి. మొదట మేత లోపం అన్నారు. చూడి గుర్రానికి ఖనిజలవణాలు సరిగా పెట్టారా అని నన్నే నిలదీశారు. మేత వివరాలు, వైద్యుడి ధ్రువీకరణ పంపాక మాట మార్చి, ప్రకృతిలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, ఇది ఎవరి చేతుల్లోనూ లేదు అన్నారు. సరే, అది దాటవేత అనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ జన్యు నివేదిక చేతికి అందిన తర్వాత అదే ప్రతినిధి రాసిన మాటలు ఇవి: ‘ఇంత చిన్న పిల్లలకు మా కొనుగోలుదారుల్లో ప్రత్యేకమైన ఆదరణ ఉంది. పిల్లను మాకు అప్పగిస్తే, అదే మగగుర్రం సంతానంలోంచి మరో పిల్లను మీకు ఉచితంగా ఇస్తాం.’ ప్రకటనలో వేసుకోవడానికి పిల్ల ఫోటోలు కూడా పంపమని కింద ఒక వాక్యం.

నేను దోషమని ఫిర్యాదు చేసినది మీకు సరుకు అన్నమాట. పైగా నష్టపరిహారంగా ఇవ్వజూపుతున్నది ఆ తండ్రి బిడ్డనే. జన్యువు ఉందని నివేదిక చదివిన తర్వాత కూడా ఆ మగగుర్రానికి మీ దగ్గర పుట్టిన పిల్లలను ఇంకా జనానికి అంటగడుతూనే ఉన్నారని మీ ఉత్తరమే సాక్ష్యం చెబుతోంది.

‘ఎవరి చేతుల్లోనూ లేదు’ అన్న మాటకు జవాబు చెప్పాలి. ఇది పూర్తిగా పెంపకందారు చేతుల్లో ఉన్న విషయం. మృదులాస్థి, అంటే ఎముకలు పెరగడానికి అచ్చులా పనిచేసే మెత్తటి భాగం, సరిగా ఏర్పడటానికి ఏకాన్ అనే జన్యువు అవసరం. మినియేచర్ గుర్రాల్లో ఆ జన్యువులో మరుగుజ్జుతనానికి దారితీసే నాలుగు మార్పులను కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. ఆ పరిశోధన ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. ఒక మార్పు ఒకవైపు నుంచే వస్తే గుర్రం చూడటానికి మామూలుగానే ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ కలిసి వస్తేనే పిల్ల మరుగుజ్జు అవుతుంది. కాబట్టి ఇద్దరిలోనూ ఉన్న జతను కలిపితే ప్రతి ఈతలో నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదం ఉంటుంది, మరో సగం అవకాశం పైకి కనిపించకుండా జన్యువును మోసుకెళ్ళే పిల్ల పుట్టడానికి. కొన్ని కలయికల్లో పిండం కడుపులోనే చనిపోతుంది. ఆడగుర్రం చూడి నిలవలేదని మనం అనుకునే సందర్భాల్లో కొన్నింటి వెనక కారణం ఇదే కావచ్చు. జూలులోంచి కుదుళ్ళతో సహా కొన్ని వెంట్రుకలు పీకి ప్రయోగశాలకు పంపితే చాలు, ఏ గుర్రంలో ఏముందో తెలిసిపోతుంది. గుర్రానికి సూది గుచ్చవలసిన పని కూడా లేదు. ఇద్దరిలో ఒకరిలో ఈ మార్పులేవీ లేకపోతే వీటివల్ల మరుగుజ్జు పిల్ల పుట్టదు. ఇంత సులువైన పరీక్ష మీరు చేయించలేదా, లేక చేయించి దాచారా? మీ ఆరోగ్య పత్రం అబద్ధమో, ఖాళీ కాగితమో తేలవలసింది ఇక్కడే.

మీ ప్రకటనల గురించి కూడా చెప్పక తప్పదు. మీరు ప్రతి గుర్రం పక్కనా ఎత్తును పెద్ద అక్షరాలతో వేస్తారు. కాళ్ళు, పళ్ళు, నడక గురించి ఒక్క ముక్క ఉండదు. 1978లో ఏర్పడిన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం జూలు చివరి వెంట్రుకల దగ్గర కొలిచినప్పుడు ఎత్తు 34 అంగుళాలు మించకూడదు. కానీ వాళ్ళు కోరేది పెద్ద గుర్రం పొందిక అంతా ఉన్న చిన్న గుర్రాన్ని. మరుగుజ్జు లక్షణాలున్న గుర్రాన్ని ప్రదర్శనలో అనర్హంగా ప్రకటిస్తారు. అర్జెంటీనాలో ఫలబెల్లా గుర్రాలను 19వ శతాబ్దం నుంచి తరతరాలుగా ఎంపిక చేసుకుంటూ చిన్నవి చేశారు. అది ఓపిక ఉన్నవాళ్ళ దారి. మీది అడ్డదారి.

మీ బ్రోచర్ మొదటి పేజీలో థంబెలినా పేరు వాడుకున్నారు. ‘ఇలాంటి అద్భుతం మీ ఇంట్లోనూ’ అని కింద రాశారు. 2006లో ప్రపంచంలోకెల్లా పొట్టి గుర్రంగా గిన్నిస్ రికార్డుకెక్కిన ఆ ఆడగుర్రం ఎత్తు 44.5 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు. ఆమె మరుగుజ్జు గుర్రం. ఒంటితో పోలిస్తే కాళ్ళు చిన్నవి కావడంతో వాటిని నిటారుగా నిలపడానికి తొడుగులు వాడవలసి వచ్చేది. ఆ రెండు వాక్యాలు మీ బ్రోచర్‌లో లేవు. ఒక రోగిని ప్రకటనగా మార్చి, అదే రోగాన్ని ఇంటికి తెచ్చుకోమని జనాన్ని ఊరిస్తున్నారు.

జతతో పాటు మీరిచ్చిన పెంపకం పుస్తకం ఇంకో ప్రమాదం. పిల్ల చిన్నగా ఉండాలంటే చూడి గుర్రానికి మేత తగ్గించమని అందులో ఉంది. ఒళ్ళు చేసిన ఆడగుర్రాన్ని ఒక రోజంతా పస్తు పెట్టమని మరో చోట ఉంది. ఇది చదివి నా పశువైద్యుడు కోపం ఆపుకోలేకపోయారు. పొట్టి గుర్రాలు, పోనీలు, గాడిదలు మేత మానితే ఒంట్లోని కొవ్వు కట్టు తెంచుకుని రక్తంలోకి వస్తుంది. రక్తం తీసి కాసేపు ఉంచితే పైన తేరుకునే ద్రవం తేటగా ఉండవలసింది పాలలా తెల్లగా కనిపిస్తుంది. ఆ కొవ్వు కాలేయాన్ని ముంచేస్తుంది. వైద్యం ఆలస్యమైతే ప్రాణం దక్కడం కష్టం. ఈ ముప్పు అన్నింటికంటే ఎక్కువగా ఉండేది నిండు చూలుతో ఉన్నవాటికీ పాలిచ్చేవాటికీ. అంటే మీ పుస్తకం సరిగ్గా ఎవరిని పస్తు పెట్టకూడదో వాళ్ళనే పస్తు పెట్టమంటోంది. లావు తగ్గించాలంటే గింజల దాణా మానిపించి, ఎండుగడ్డిని తూకం వేసి, వైద్యుడి సలహాతో మెల్లమెల్లగా తగ్గించాలి. ఖాళీ కడుపుతో కట్టేయడం కాదు.

నట్టల మందు విషయంలోనూ అంతే. ‘గుర్రానికి ఒక సిరంజి’ అని రాసి చేతులు దులుపుకున్నారు. బజారులో దొరికే ముద్ద మందు సిరంజి ఒక్కొక్కటి 500 కిలోలకు పైబడిన పెద్ద గుర్రానికి సరిపడేలా తయారవుతుంది. మీ ఆడగుర్రం బరువు 80 కిలోలు కూడా లేదు. మాక్సిడెక్టిన్ వంటి మందు అంత మోతాదులో పడితే చిన్న గుర్రం మగతలో పడి లేవకపోవచ్చు. మామూలు గుర్రాల కోసం చేసిన కొలత టేపులు కూడా వీటి బరువును సరిగా చూపవు కాబట్టి, కాటా మీద తూచి మందు వేయాలని రాయడానికి మీకు ఎంత సిరా అయ్యేది? పుస్తకం చివర ‘ఇంట్లో కుక్కతో పాటు పెంచుకోవచ్చు’ అనే సలహా గురించి నేనేమీ అనను. గుర్రం మందలో బతికే జంతువు, కుక్కలు పొట్టి గుర్రాల మీద పడి చీల్చిన సంఘటనలు ఉన్నాయి. దానికి తోడుగా కావలసింది మరో గుర్రం.

ఈత రాత్రి సంగతి కూడా నమోదు కావాలి. ఒప్పందంలో ‘24 గంటల సహాయ ఫోను’ అని ఉంది. ఉమ్మనీరు పోయాక గుర్రం ఈత సుమారు అరగంటలో ముగియాలి. ఆవుకున్నంత వ్యవధి దీనికి ఉండదు. పొట్టి గుర్రాల్లో ఈత కష్టం కావడం ఎక్కువ, పిల్ల నుదురు ఉబ్బి ఉంటే మరీ ఎక్కువ. కాళ్ళు కనిపించి తల అడ్డం పడినప్పుడు మీ నంబరుకు ఫోను చేస్తే, పని వేళల్లో సంప్రదించమని రికార్డు చేసిన గొంతు పలికింది. వైద్యుడు సమయానికి అందుబాటులో ఉన్నారు కాబట్టి తల్లి దక్కింది.

కొనుగోలుదారుగా నేను అడుగుతున్నవి ఇవి. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా, అమ్మకానికి ముందు ఈ రెండు గుర్రాలకు చేయించిన జన్యు పరీక్షల అసలు నివేదికలు పంపండి. చేయించకపోతే చేయించలేదని సంతకంతో రాసివ్వండి. ఆడగుర్రం ఈత ఖర్చు, పిల్లకు ఇంతవరకు అయిన వైద్యం ఖర్చు, ఇకముందు దవడకు, కాళ్ళకు అయ్యే ఖర్చు మీరే భరించాలి. రెండు గుర్రాల ధరలో, సంతానోత్పత్తికి పనికివస్తాయని చెప్పి అదనంగా తీసుకున్న భాగాన్ని తిరిగి చెల్లించాలి. గుర్రాలను మాత్రం వాపసు ఇవ్వను. మీ దగ్గరికి వస్తే ఆ మగగుర్రం మళ్ళీ ఎదకు వచ్చిన ఆడగుర్రాల దగ్గరికే వెళుతుందని ఇప్పుడు నాకు తెలుసు. దానికి విత్తులు తీయించే ఏర్పాటు చేస్తున్నాను, ఆ ఖర్చు బిల్లు కూడా మీకు వస్తుంది.

వీటన్నింటికంటే నేను గట్టిగా పట్టుబట్టేది మరొకటి ఉంది. ఈ మగగుర్రం సంతానాన్ని, అలాగే ఈ ఆడగుర్రం ఇంతకుముందు ఈనిన పిల్లలను ఎవరెవరికి అమ్మారో వాళ్ళందరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. చూడటానికి చక్కగా ఉన్న ఆ పిల్లల్లో చాలావాటిలో ఈ జన్యువు ఉండే అవకాశం ఉంది. వాటిని ఒకదానితో ఒకటి కలిపే రోజు ఎక్కడో ఇప్పటికే వచ్చి ఉండవచ్చు. డబ్బు విషయంలో బేరానికి నేను సిద్ధమే. ఈ ఒక్క విషయంలో బేరం లేదు. మీరు పంపిన ఉత్తరాల ప్రతులు నాకు ఇవ్వండి. వీలు కాదంటే ఏ కారణంతో వీలు కాదో చెప్పండి, ఆ కారణాన్ని వినియోగదారుల న్యాయస్థానంలో వినిపిస్తాను.

పెంపకం పుస్తకంలో మేత, నట్టల మందు పేజీలను వెంటనే ఉపసంహరించుకోండి. ఇప్పటికే పుస్తకం అందుకున్నవాళ్ళకు సవరణ పంపండి. ఆ రెండు పేజీలను తప్పులు గుర్తు పెట్టి మరీ జతచేశాను, మళ్ళీ వెతుక్కునే శ్రమ మీకు ఉండదు.

పిల్ల ఫోటోలు వైద్య నివేదికలో భాగంగా పంపుతున్నాను. వాటిని మీ ప్రకటనల్లో, బ్రోచర్లలో, మరే రూపంలోనూ వాడుకోవడానికి నా అనుమతి లేదు. పిల్ల అమ్మకానికి లేదు, మార్పిడికి లేదు. దయచేసి ఆ విషయమై మీ ప్రతినిధి చేత మళ్ళీ ఫోను చేయించకండి. జవాబు రాతపూర్వకంగానే పంపండి.

ఇట్లు,
మీ దగ్గర గుర్రాల జతను కొన్న వినియోగదారుడు

జతచేసినవి: ఆరోగ్య పత్రాల ప్రతులు, జన్యు పరీక్ష నివేదిక, పశువైద్యుడి నివేదిక, ఎక్స్‌రేలు, బిల్లులు, మీ ప్రతినిధి ఉత్తరాల ప్రతులు, పుస్తకంలోని రెండు పేజీలు.