కార్టూన్ డబ్బింగ్‌ను కడప రేడియో గొంతులకూ ఇవ్వండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రాన్ని చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ని. అక్కడి నాటకాల్లో రాటుదేలిన గొంతుల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

రేడియోలో ముఖం కనిపించదు. కోపమైనా, పరుగెత్తి వచ్చిన ఆయాసమైనా గొంతులోనే పలకాలి. కేకేయాలంటే మైకుకు కాస్త ఎడంగా జరగాలి, గుసగుసకు దగ్గరికి రావాలి, చేతిలో కాగితం చప్పుడు కాకూడదు. కార్టూన్ డబ్బింగ్‌కూ పునాది ఇదే. కాకపోతే అక్కడ బొమ్మ పెదాలకు మాట సరిపోవాలి. తెలుగు వాక్యం పొడుగైతే బొమ్మ నోరు మూసుకున్నాక కూడా మాట మిగిలిపోతుంది, అప్పటికప్పుడు కుదించి చెప్పాలి. బొమ్మ కిందపడితే మూలుగు, నీళ్లు తాగితే గుటక, అన్నీ ఆర్టిస్టే ఇవ్వాలి. చిన్నపిల్లాడి పాత్రకు చాలాసార్లు ఆడవాళ్లే గొంతిస్తారు. ఇంత కష్టం చూసేవాళ్లకు తెలియదు, పేరు కూడా తెరమీద సరిగ్గా పడదు.

మా దగ్గర ఈ పని చేయగలవాళ్లున్నారు. పనే లేదు. తెలుగు డబ్బింగ్ ఎక్కువగా హైదరాబాద్, చెన్నైలలోనే జరుగుతుంది. అవసరమైన రోజులకే పిలిచే క్యాజువల్ అనౌన్సర్‌కు నెలలో దొరికే కొద్దిపాటి డ్యూటీలతో ఇల్లు గడవదు. సంసారం వదిలి అంతదూరం పోలేక మంచి గొంతున్న ఆడవాళ్లు మైకుకే దూరమవుతున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

మీ శాఖ స్వాతంత్ర్య సమరయోధులపై తీయించిన కార్టూన్ సిరీస్ 2023లో 12 భారతీయ భాషల్లో వచ్చింది. 2024లో ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి వారి వేవ్స్ ఓటీటీ మొదలైంది. పని ఇచ్చే చెయ్యి మీదే. ఇలాంటి పిల్లల కార్యక్రమాల తెలుగు డబ్బింగ్‌లో కొంత కడప స్టూడియోకు ఇప్పించండి. బొమ్మ చూస్తూ మాట చెప్పడానికి కావలసిన ఏర్పాటు చేసి, అనుభవమున్న డబ్బింగ్ ఆర్టిస్టులతో శిక్షణ ఇప్పించండి. కర్నూలు, అనంతపురం కేంద్రాల్లో పనిచేసేవాళ్లనూ అందులో చేర్చండి.

మా సీమ యాస సినిమాల్లో ఎక్కువగా కత్తి పట్టినోళ్ల నోటనే వినబడుతుంది. కార్టూన్‌లో ఒక జేజి మనవణ్ని పట్టుకుని "ఏం నాయనా, యాడికి పోతాండావు?" అని అడిగితే మా పిల్లలు తమ ఇంటి మాట టీవీలో విన్నామని సంబరపడతారు. ఆ అవకాశం వాళ్లకు ఇవ్వండి.

అలాగే, రికార్డు చేసిన గొంతును ఏఐతో మళ్లీ వాడుకోవాలంటే ఆర్టిస్టు రాతపూర్వకంగా ఒప్పుకోవాలని, దానికి వేరుగా డబ్బు చెల్లించాలని కాంట్రాక్టులోనే రాయించండి.

ముందు ఒక్క సిరీస్‌తో మొదలుపెట్టండి. ఆడిషన్లు మాత్రం కడపలోనే పెట్టించండి.

ఇట్లు,
కడప నుంచి ఒక శ్రోత