మొన్నటి కథల సభకు చేయి వేసిన అందరికీ

అనంతపురంలో మొన్న ఆదివారం మేము పెట్టుకున్న కథల సభకు వీల్‌చైర్లలో వచ్చినవాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు సాయంత్రం దాకా ఉన్నారు, కథలు చదివారు, రచయితలతో వాదించారు కూడా. దీని వెనక చాలామంది కష్టం ఉంది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అందరికంటే ముందు మా అక్కకు. తను వీల్‌చైర్ వాడుతుంది. హాలు మాట్లాడుకునే ముందే వచ్చి గేటు దగ్గర నుంచి బాత్‌రూమ్ దాకా తనే తిరిగి చూసింది. మొదట అనుకున్న హాల్లో "అన్ని సౌకర్యాలూ ఉన్నాయి" అన్నారు గానీ బాత్‌రూమ్ తలుపులో చక్రాలు పట్టలేదు, తలుపు వెడల్పు కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలి, అందుకే అది వద్దనుకున్నాం. ఆహ్వానంలోనే "మీకు ఏం ఏర్పాటు కావాలో ఫోన్ చేసి చెప్పండి" అని రాయమన్నది కూడా అక్కే. 2016 నాటి చట్టం సాంస్కృతిక కార్యక్రమాల్లోనూ వికలాంగులకు సమాన హక్కు ఇచ్చింది, ఇది మనం దయతో చేసే పని కాదు అని అక్క గట్టిగా చెప్పింది.

ఇంక వెల్డింగ్ అన్న. హాలు వాకిట్లో రెండు మెట్లు, కలిపి అడుగు ఎత్తు. ఒక చెక్క వాలుగా వేస్తే చాలని చాలామంది అనుకుంటారు, కానీ అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ర్యాంపు ఉండాలి, లేకుంటే ఎవరో వెనక నుంచి తోస్తే తప్ప బండి ఎక్కదు, దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. అన్న ఆ లెక్కకే ఫ్రేము కట్టి, గరుకు రేకు పరిచి, పక్కల పట్టుకోవడానికి పైపులు పెట్టాడు. లోపల స్టేజి మాత్రం రెండడుగులు, దానికి 24 అడుగులు కావాలి, జాగా లేదు. "స్టేజే వద్దనుకుంటే పాయె కదప్పా" అన్నాడు. మైకు, కుర్చీలు అన్నీ కిందే వేసుకున్నాం. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లను నలుగురిలో మూటలా ఎత్తి స్టేజి ఎక్కించడం చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఆ అవసరమే రానివ్వలేదు ఆయన.

సైగల భాషలో చెప్పిన టీచరమ్మలిద్దరికీ దండాలు. ఇద్దరెందుకని మాలోనే ఒకరు అడిగారు. గంటలకొద్దీ ఒక్కరే చెప్తే చేతులే కాదు బుర్ర కూడా అలిసిపోయి మాటలు జారిపోతాయి, అందుకే మధ్యమధ్యలో మారుతూ చెప్పారు. మన సీమ యాస మాటల అర్థాలు ముందే కనుక్కున్నారు, దానికోసం కథలు ముందుగా పంపిన రచయితలకూ థాంక్స్.

మైకుసెట్టు తమ్ముడు వైర్లన్నీ గోడవారగా లాగాడు, చక్రాలకు అడ్డం పడే తివాచీ తీసేశాడు. వీల్‌చైర్లకు జాగా చివరి వరసలో కాకుండా మధ్యమధ్యలో వదిలాడు, తోడు వచ్చినవాళ్లు పక్కనే కూర్చోగలిగారు.

ఉగ్గాని, బజ్జీ చేసిన పెద్దమ్మ అందరికీ కూర్చోబెట్టే వడ్డించింది. చూపు లేనివాళ్లకు ప్లేటులో ఏది ఎటువైపు ఉందో ఒక్కొక్కరికీ చెప్పింది, ఎవరూ చెప్పమనకుండానే!

ఆ ర్యాంపును రెండు ముక్కలుగా విప్పొచ్చు, ఇప్పుడు అన్న షెడ్డులోనే ఉంది. అనంతపురం చుట్టుపక్కల పెళ్లికైనా మీటింగుకైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, అద్దె ఏమీ లేదు, ఆటో ట్రాలీ ఖర్చు మీరు పెట్టుకుంటే చాలు.