ఆరోగ్య బీమా లెక్క మనిషి వారీగా తీయాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న వ్యాపారుల పద్దులు రాయడం, ఏటా వారి ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయించడం ముప్పై ఏళ్లుగా నా వృత్తి. ఆరోగ్య బీమా గురించి ఎప్పుడు చర్చ జరిగినా పేదలు, ధనికులు అన్న రెండు మాటలతోనే ముగుస్తోంది. ఆ ఇద్దరికీ నడుమ ఏ ఆసరా లేకుండా ఉన్నవారిని నేను రోజూ చూస్తున్నాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 41 శాతం ఇళ్లకు ఏదో ఒక ఆరోగ్య బీమా గాని, ప్రభుత్వ పథకం గాని ఉంది. 2015-16 నాటి సర్వేలో ఇది 28.7 శాతం మాత్రమే. పెరగడం సంతోషమే గాని, ఇంట్లో ఒక్కరికి బీమా ఉన్నా ఆ సర్వే ఆ ఇంటిని బీమా ఉన్న ఇళ్ల కిందే జమ కడుతుంది. కొడుక్కి కంపెనీ ఇచ్చిన పాలసీ ఉండి, అదే ఇంట్లోని తల్లిదండ్రులకు ఏమీ లేకపోయినా లెక్కలో ఆ లోటు కనిపించదు. మనుషుల వారీగా చూసిన నీతి ఆయోగ్, 2021 అక్టోబరు నాటి నివేదికలో, జనాభాలో కనీసం 30 శాతానికి, అంటే సుమారు 40 కోట్ల మందికి, వైద్య ఖర్చు నుంచి ఏ ఆర్థిక రక్షణా లేదని తేల్చింది.

ఈ విషయంలో మన రాష్ట్రం ముందే మేలుకొంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా సాగుతున్న పథకం ఎన్ని ఇళ్లను అప్పుల పాలు కాకుండా కాపాడిందో నా ఖాతాదారుల ఇళ్లలోనే చూశాను. అయితే ఏడాది ఆదాయం 5 లక్షల రూపాయలు దాటితే అర్హత లేదన్న గీత దగ్గర ఎందరో జారిపోయారు. నా బావమరిదికి ఆటోనగర్‌లో నలుగురు పనివాళ్లతో నడిచే చిన్న లేత్ షెడ్డు ఉంది. ఇంటి రుణానికి బ్యాంకు వారు రిటర్నులు అడిగితే, వచ్చిన ఆదాయాన్ని దాచకుండా ఆరు లక్షలకు పైగా చూపి నేనే దాఖలు చేశాను. రుణం వచ్చింది, కార్డుకు అర్హత పోయింది. ఏడాది తిరక్కుండానే అతనికి గుండెనొప్పి వచ్చి రెండు స్టెంట్లు వేయవలసి వస్తే, ఇంట్లోని బంగారం తాకట్టు పెట్టి ఆస్పత్రి బిల్లు కట్టాము. ఆ రిటర్ను రాసిన చేత్తోనే తాకట్టు రసీదు అందుకున్న బాధ నన్ను ఇంకా వదలలేదు.

అతని షెడ్డులోని నలుగురికి ఈఎస్ఐ, అంటే జీతగాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, కూడా లేదు, ఎందుకంటే అది సాధారణంగా పదిమంది, ఆపైన పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. వస్త్ర దుకాణాల్లో పాతికేళ్లు పనిచేసిన గుమాస్తాలకు మరో చిక్కు ఉంది. జీతం నెలకు 21 వేలు దాటితే, 2017లో విధించిన పరిమితి ప్రకారం, వారు ఈఎస్ఐ నుంచి బయటికి వచ్చేస్తారు. సొంతంగా పాలసీ కొందామంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ తీసేసినప్పటికీ, అప్పటికే ఉన్న షుగరు, బీపీ వంటి జబ్బులకు మూడేళ్ల వరకు ఎదురుచూడవలసి రావచ్చు. డెబ్బై నిండిన వారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వైద్యం అందుతోంది. నేను చూసినంతలో యాభై నుంచి డెబ్బై మధ్య వయసువారే అందరికన్నా నిరాధారంగా ఉన్నారు.

రాష్ట్రంలోని 1.63 కోట్ల కుటుంబాలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆరోగ్య బీమా కల్పించే విధానానికి మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలపడాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. నా ఆందోళనంతా కుటుంబం అన్న మాట గురించే. పెళ్లయి వచ్చినా పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉన్న కోడలు, వేరు కాపురం పెట్టినా కార్డు విడిపోని కొడుకు, పనికోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న మనిషి ఏ కుటుంబం కింద లెక్కకు వస్తారు? వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, కార్డును బట్టి కాకుండా మనిషిని బట్టి, ఎవరికి ఏ రక్షణ ఉందో, ఎవరికి ఏదీ లేదో రాసుకోవాలి. ఏదీ లేనివారి సంఖ్యను వయసుల వారీగా ప్రతి సచివాలయం బోర్డు మీద పెట్టాలని, పేరు లేనివారిని అక్కడికక్కడే చేర్చుకునే ఏర్పాటు చేయాలని వైద్య ఆరోగ్య శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పద్దుల గుమాస్తా,
వన్‌టౌన్, విజయవాడ